మాస్టారి విజిల్: ముందు కాళ్లు చూడండి

(ఆటల మీద పాఠకుల ప్రశ్నలకు హైదరాబాద్‌లోని ఒక విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు, పూర్వపు బాస్కెట్‌బాల్ రెఫరీ జవాబులు)

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. పరీక్షలయ్యాక బాస్కెట్‌బాల్ వీడియో గేమ్ కొనిపెడతానని మాట ఇచ్చాను. దుకాణంలో కుర్రవాడు ఆడి చూపిస్తూ, ‘అచ్చం నిజం ఆటే సార్, చెమట కూడా కనిపిస్తుంది చూడండి’ అన్నాడు. చెమట కనిపించిన మాట నిజమే. కానీ నాకు ఆట తెలియదు. అది నిజం ఆటలా ఉందో లేదో తేల్చుకోవడం ఎలా?
- ఒక తండ్రి, కొత్తపేట

జవాబు: చెమట సంగతి పక్కన పెట్టండి. ముప్ఫై ఏళ్లకు పైగా విజిల్ మెడలో వేసుకుని తిరిగాను. ఒక్కసారి కూడా ఆటగాడి నుదురు చూసి తీర్పు చెప్పలేదు. రెఫరీ చూసేది కాళ్లు. బంతి చేతికి అందినప్పుడు ఏ కాలు నేల మీద ఉంది, ఎదుటివాడు ముందే నిలబడి ఉన్నాడా లేక ఆఖరి క్షణంలో అడ్డం దూరాడా, అన్నీ కాళ్లే చెబుతాయి. తెర మీది ఆటకూ నా దగ్గర వేరే కొలత లేదు.

పోయిన దసరా సెలవులకు పద్మారావునగర్‌లో మా అమ్మాయి ఇంటికి వెళ్లాను. మనవడు ఇలాంటి ఆటే ఆడుతున్నాడు. మొదటి ఐదు నిమిషాలు నేనూ నోరు తెరుచుకునే చూశాను. వెలుగులు, జనం కేకలు, చెక్క నేల మీద బూట్ల కీచుకీచులు. (మన సిమెంటు కోర్టుల మీద ఆ కీచు ఎక్కడిది? దుమ్ము మీద గరగర తప్ప.) ఆ తర్వాత పాత అలవాటు కొద్దీ నా చూపు కిందికి దిగింది. ఆరడుగుల తొమ్మిదంగుళాల ఆటగాడు కుడివైపు దూసుకుపోతూ ఠక్కున ఎడమకు తిరిగాడు. వంద కిలోల మనిషి అలా తిరగాలంటే బయటి కాలు నేలలో నాటుకోవాలి, మోకాలు వంగాలి, వేగం ఒక్క క్షణం చచ్చిపోవాలి. ఇతడికి అవేవీ జరగలేదు. పౌడరు చల్లిన క్యారమ్ బోర్డు మీద స్ట్రైకర్‌లా జానెడు పక్కకు జారి, అదే వేగంతో ఎడమవైపు పరుగందుకున్నాడు.

ఎందుకు జారాడో చెబుతాను. ఈ ఆటలు తయారుచేసేవాళ్లు నిజమైన ఆటగాళ్ల ఒంటికి గుర్తులు అంటించి, చుట్టూ కెమెరాలు పెట్టి, వాళ్ల కదలికలను ముక్కలుగా రికార్డు చేస్తారు. పరుగు ఒక ముక్క, మలుపు ఒక ముక్క, ఎగరడం ఒక ముక్క. మీ అబ్బాయి బటన్ నొక్కినప్పుడు కంప్యూటర్ వాటిని కలిపి కుడుతుంది. ఏ ముక్కకు ఆ ముక్క నిజమే. అతుకు దగ్గరే పాదం జారుతుంది. చొక్కా కొనేటప్పుడు రంగు చూసి ఊరుకోరు కదా, తిప్పి కుట్టు చూస్తారు. ఇదీ అంతే.

ఇందులో తయారీదారులకూ ఒక ఇరకాటం ఉంది. కాలు నాటుకుని, ఒళ్లు బరువు మార్చుకునేదాకా ఆగితే, ‘బటన్ నొక్కాను, వాడు కదలడం లేదు’ అని కుర్రవాళ్లు గోల పెడతారు. నొక్కగానే తిప్పేస్తే నాలాంటి వాళ్లం గొణుగుతాం. నేనైతే బరువున్న ఆట వైపే ఉంటాను. మా మనవడు కాదు. ఈ విషయంలో మీ అబ్బాయిని అడిగి కొనండి, ఆడేది అతడు.

రెండో పరీక్ష మీరే చేయవచ్చు. దుకాణంలో కుర్రవాణ్ణి బంతి పట్టుకుని కదలకుండా నిలబడమనండి. షాట్ వేయడానికి జట్టుకు 24 సెకన్లు ఉంటాయి. ఆ వ్యవధిలో మిగతా నలుగురూ ఏం చేస్తున్నారో చూడండి. నిజం ఆటలో ఒకడు వచ్చి బంతి ఉన్నవాడి కోసం ఎదుటివాడికి అడ్డుగా నిలబడతాడు, దాన్నే స్క్రీన్ అంటాం. ఒకడు మూలకు పరుగెత్తుతాడు, ఇంకొకడు రింగు కిందకు దూరి చెయ్యెత్తుతాడు. ఆ నలుగురూ కోఠిలో బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడితే, ఎంత చెమట పట్టినా అది బొమ్మలాటే.

మూడోది షాట్. ఆటగాడి పక్కన ఒక చిన్న గీత నిండుతూ ఉంటుంది, సరైన చోట బటన్ వదిలితే బంతి రింగులో పడుతుంది. బాగానే ఉంది. కానీ ముఖం మీద ఎదుటివాడి చెయ్యి ఉన్నా పడుతుందా? నేనూ మనవడూ కాగితం, పెన్సిలు పెట్టుకుని లెక్కపెట్టాం. ఎదుటివాడు మీదికి వస్తుండగా, మూడు పాయింట్ల గీత అవతలి నుంచి 20 వేస్తే 13 పడ్డాయి. అమెరికాలోని వృత్తి ఆటగాళ్ల లీగ్ ఎన్‌బీఏలో అందరినీ కలిపి చూస్తే, ఎవరూ అడ్డులేని షాట్లు కూడా చేర్చినా, అంత దూరం నుంచి వందకు 36 అటూఇటూగా పడతాయి. బొటనవేలి చురుకుదనమే అన్నిటినీ గెలిపిస్తుంటే, ఖాళీగా ఉన్నవాణ్ణి వెతికి పాస్ ఇవ్వవలసిన అవసరం ఏముంది? అవసరం లేకపోతే బాస్కెట్‌బాల్ ఏముంది?

ఇంకొక్క మాట, ఇది నా సొంత బాధ. నా విజిల్‌లో సగం గాలి ట్రావెలింగ్‌కే పోయింది, అంటే బంతి నేలకు కొట్టకుండా అదనపు అడుగులు వేయడం. ఈ ఆటల్లో చాలావరకు ఆ తప్పు చేద్దామన్నా కుదరదు. అడుగులు ముందే రికార్డు చేసినవి మరి.

ప్రశ్న: వీడియో గేమ్‌లో మూలలో ఉన్నవాడికి పాస్ ఇస్తే బంతి అందుకుంటూనే గీత బయట కాలు పెడతాడు. బంతి అవతలివాళ్లకు పోతుంది. ఒక్కో మ్యాచ్‌లో నాలుగైదుసార్లు! ఇది నా తప్పా, ఆట తప్పా?
- ఒక విద్యార్థి, రామ్‌నగర్

జవాబు: నాలుగైదుసార్లా? అయితే ఆటదే. ఎన్‌బీఏ కోర్టులో మూడు పాయింట్ల గీత ఎదురుగా రింగుకు 7.24 మీటర్ల దూరంలో ఉంటుంది. మూలలో అంత చోటు లేక 6.7 మీటర్లకు తగ్గుతుంది. అక్కడ ఆ గీతకూ పక్క గీతకూ మధ్య 91 సెంటీమీటర్లే. నేల మీద టేపు పెట్టి కొలిచి, అందులో నిలబడి చూడు బాబూ. పెద్ద బూటు వేసుకున్న మనిషి ఒక్క అడుగు వెనక్కి వేస్తే మడమ పక్క గీత మీద ఉంటుంది. నిజం ఆటగాళ్లు ఆ ఇరుకులో నిలబడడాన్ని విడిగా సాధన చేస్తారు. అయినా అప్పుడప్పుడూ గీత తొక్కుతారు. తెర మీదివాడు మాత్రం నడి కోర్టులో అందుకునే కదలికనే మూలలోనూ వాడుతున్నట్టుంది. వాడు పూర్తిగా ఆగి రింగు వైపు తిరిగాక పాస్ ఇచ్చి చూడు, కొంత తగ్గుతుంది.

మీ కాలేజీ కోర్టు కొలతలతో పోల్చుకుని కంగారు పడకు. మనది ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) లెక్క: ఎదురుగా 6.75, మూలలో 6.60. 2010కి ముందు 6.25 ఉండేది. నేను ఆడించిన ఒక పాత కోర్టు మీద ఆ గీత రంగు కింద ఇంకా లీలగా కనిపిస్తుంది, దాని మీద నిలబడి మూడు పాయింట్లు అడిగే పిల్లలతో ఎన్ని గొడవలు పడ్డానో.

ప్రశ్న: మాస్టారూ, మాది కాలేజీ జట్టు. మొన్న మ్యాచ్‌లో మేము వేసిన షాట్ రింగు మీద తిరుగుతోంది. అప్పుడు ముట్టుకోకూడదని వీడియో గేమ్‌లో నేర్చుకున్నాను కాబట్టి ఆగాను. అవతలి అమ్మాయి చెయ్యి పెట్టి తోసేసింది. రెఫరీ పలకలేదు. ఒక్క పాయింటుతో ఓడిపోయాం. అన్యాయం కాదా?
- ఒక క్రీడాకారిణి, సికింద్రాబాద్

జవాబు: పాపం అనిపిస్తోంది అమ్మా, కానీ ఆ రెఫరీ తీర్పు సరైనదే. నీ ఆట నేర్పింది ఎన్‌బీఏ నిబంధన. అక్కడ రింగు పైనున్న బంతిని ఎవరూ ముట్టుకోకూడదు. మన దగ్గర నడిచే ఫిబా నిబంధనలో, ఫ్రీ త్రో (ఎదుటివాళ్ల ఫౌల్‌కు బదులుగా ఎవరూ అడ్డు లేకుండా వేసే షాట్) కాని మామూలు షాట్‌కు, బంతి రింగును తాకాక ఎవరైనా తోయవచ్చు, ఎవరైనా లోపలికి తట్టవచ్చు. నువ్వే ముందు చెయ్యి పెట్టి ఉంటే గెలిచేవాళ్లు.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. అక్కడ క్వార్టర్, అంటే ఆటలో నాలుగో వంతు, 12 నిమిషాలు, మనకు 10. అక్కడ ఆరో ఫౌల్‌కు బయటికి పంపుతారు, మనకు ఐదో ఫౌల్‌కే. ఆరు ఉన్నాయనుకుని నాలుగు ఫౌల్స్ మీద ధైర్యంగా చెయ్యి విసిరిన పిల్లలను నేనే బయటికి పంపాను. ముఖాలు చూడలేకపోయాను. వీడియో గేమ్ ఆడడం మానమని చెప్పను. ఎవరు ఎప్పుడు ఖాళీ అవుతారో చూసే కన్ను దాంతో కొంత పదునెక్కుతుంది. అయితే నిబంధనల పుస్తకం మీ కోచ్ గారిని అడిగి తీసుకో.

ప్రశ్న: నేను 15 పాయింట్లు ముందుంటే ఆఖర్లో కంప్యూటర్ జట్టు ఏది వేసినా పడుతుంది, నేను ఏది వేసినా తప్పుతుంది. ఇది మోసం కాదా?
- ఒక గేమర్, మల్కాజ్‌గిరి

జవాబు: మోసం ఉండదని ప్రమాణం చేయలేను. ఎందుకంటే ఒకటి బయటపడింది. 1993లో ఎన్‌బీఏ జామ్ అనే ఆట వచ్చింది, నాణెం వేసి నిలబడి ఆడే యంత్రాల మీద. ఇద్దరేసి ఆటగాళ్లు, ఫౌల్స్ లేవు, ఎదుటివాణ్ణి తోసి పడేయవచ్చు, వరసగా మూడు వేస్తే బంతికి నిప్పంటుకుంటుంది. దాన్ని తయారుచేసిన మార్క్ టర్మెల్ డెట్రాయిట్ జట్టు వీరాభిమాని. షికాగో అంటే మంట. డెట్రాయిట్‌తో హోరాహోరీగా సాగే మ్యాచ్‌లో షికాగో ఆఖరి క్షణంలో వేసే షాట్లు తప్పిపోయేలా ప్రోగ్రామ్ రాశానని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. రెఫరీగా నాకు ఒళ్లు మండాలి. నవ్వు వచ్చింది. అది నిజం ఆటనని ఎన్నడూ చెప్పుకోలేదు, నిప్పంటుకున్న బంతి దగ్గర న్యాయం ఎవరు అడుగుతారు?

మీ సంగతి వేరు. మీది ‘నిజం ఆట’ అని అమ్మినది. మోసమని తేల్చే ముందు ఒకటి గమనించండి. ముందున్నామని ఆఖరి క్వార్టర్‌లోనూ అదే ఐదుగురిని ఆడించారా? అలసిన కాళ్లతో వేసిన షాట్ తప్పాలి, అది న్యాయమే. మార్చి చూడండి. తాజా ఆటగాళ్లతోనూ అదే జరిగితే, అప్పుడు తిట్టండి, నేనూ కలుస్తాను.

ప్రశ్న: ఇన్ని లోపాలు పట్టే మీరు మనవడి మీద ఎప్పుడైనా గెలిచారా?
- ఒక పాఠకురాలు, నల్లకుంట

జవాబు: ఒకసారి, తల్లీ. మామూలుగా వాడు నన్ను ముప్ఫై పాయింట్లతో చిత్తు చేస్తాడు. ఆ రోజు వాడు మంచినీళ్లకు లేచినప్పుడు సెట్టింగుల్లోకి వెళ్లి, ఫౌల్స్ పట్టే తీవ్రత గీతను ఆ చివరిదాకా జరిపాను. క్వార్టర్ 12 నిమిషాలు చేశాను. మా వాడికి బంతి లాక్కునే బటన్‌ను టకటకా కొట్టే అలవాటు. కొట్టినప్పుడల్లా విజిల్. మూడో క్వార్టర్ ముగిసేలోగా వాడి మంచి ఆటగాళ్లు ముగ్గురు ఆరేసి ఫౌల్స్‌తో బయట కూర్చున్నారు. నేను ఫ్రీ త్రోలు వేసుకుంటూ వేసుకుంటూ నాలుగు పాయింట్లతో గెలిచాను. ‘తాతయ్యా, ఇది ఆట కాదు, పరీక్ష హాలు’ అన్నాడు వాడు. సెట్టింగులు మళ్లీ ఎప్పటిలా పెట్టేశాడు. ఇప్పుడు దానికి పాస్‌వర్డ్ కూడా ఉంది.