పాఠకుల ప్రశ్నలు: అన్నా సర్దుకుపోయుంటే సరిపోయేదా?

ప్రశ్న: ఈమధ్యే టాల్‌స్టాయ్ నవల అన్నా కరేనినా పూర్తి చేశానండి, మూడు నెలలు పట్టింది. నిజం చెప్పాలంటే చివర్లో అన్నా మీద జాలి కన్నా కోపమే ఎక్కువొచ్చింది. మంచి హోదా ఉన్న భర్త, ముద్దొచ్చే కొడుకు, అన్నీ ఉండి చేతులారా పాడుచేసుకుంది. క్లాసిక్స్ ఏది తీసినా ఇదే, మనిషికీ లోకానికీ పడకపోవడం, చివరికి ఆ మనిషి నలిగిపోవడం. కాస్త సర్దుకుపోతే పోయేది కదా? తప్పు వాళ్లదా, లోకానిదా?

జవాబు: మీ కోపం నాకు అర్థమైంది, మొదటిసారి చదివినప్పుడు నాకూ వచ్చింది. కానీ ఒక్కసారి మళ్లీ మొదటి పేజీలకి వెళ్లండి. నవల మొదలయ్యేది అన్నాతో కాదు, ఆమె అన్నయ్య స్తీవాతో. ఇంట్లో పిల్లలకి పాఠాలు చెప్పిన గవర్నెస్‌తో సంబంధం పెట్టుకుని భార్య డాలీకి దొరికిపోతాడు, ఇల్లంతా అల్లకల్లోలం, ఆ గొడవ సర్దడానికే అన్నా పీటర్స్‌బర్గ్ నుంచి రైలెక్కి మాస్కో వస్తుంది, వదినకి నచ్చజెప్పి ఆ కాపురం నిలబెడుతుంది. అంటే సర్దుకుపొమ్మని ఇంకొకరికి చెప్పిన మనిషే ఆవిడ! మరి స్తీవాకి తర్వాత ఏమైంది? ఏమీ కాలేదు. విందులకి వెళ్తాడు, ఉద్యోగం చేసుకుంటాడు, ఎక్కడికెళ్లినా అందరూ నవ్వుతూనే పలకరిస్తారు.

మీరన్న సర్దుకుపోవడం అన్నాకి ఎవరూ చెప్పలేదనుకోకండి, భర్తే చెప్పాడు. గుర్రప్పందేల నుంచి ఇంటికి వస్తూ బండిలో ఆవిడ వ్రాన్‌స్కీ అనే అతన్ని ప్రేమిస్తున్నానని ఉన్న నిజం ఉన్నట్టు చెప్పేసినప్పుడు కరేనిన్ అడిగింది ఒక్కటే, బయటికి మాత్రం అంతా మామూలుగా కనపడాలి అని. ఆ చుట్టూ తిరిగే గొప్పింటి ఆడవాళ్లలో ప్రేమ వ్యవహారాలు ఉన్నవాళ్లు తక్కువేం కాదు, బెట్సీనే చూడండి, దాచిపెట్టుకున్నంతసేపూ ఎవరికీ ఇబ్బంది లేదు. అన్నా దాచలేకపోయింది. ఆ లోకం లెక్కలో ఆవిడ తప్పు ప్రేమించడం కాదు, అబద్ధం ఆడలేకపోవడం.

ఇక విడాకులు అంటారా, అప్పట్లో అవి చర్చి చేతిలో ఉండేవి, తప్పు చేసినట్టు తేలినవాళ్లకి మళ్లీ పెళ్లి చేసుకునే వీలుండదు, కొడుకు సంగతి సరేసరి. అన్నా వైపు పొరపాటే లేదని నేననను, ఒక దశలో కరేనిన్ విడాకులకి ఒప్పుకుంటే ఆవిడే కాదనుకుని వ్రాన్‌స్కీతో ఇటలీకి వెళ్లిపోయింది, మళ్లీ కావాలని అడిగేసరికి ఆయన మనసు మారిపోయింది.

నా మటుకు నాకు ఆ నవల మొత్తంలో గుండె పట్టేసేది చివర్లో ఆవిడ రైలు కింద పడే సీను కాదండీ. ఇటలీ నుంచి తిరిగొచ్చాక కొడుకు పుట్టినరోజున పొద్దున్నే, భర్తకి తెలియకుండా, ఒకప్పటి తన ఇంట్లోకే దొంగలా వెళ్లి వాణ్ణి చూస్తుంది చూడండి, అది. ముందురోజు ఎంతో ప్రేమగా ఎంచి కొన్న బొమ్మలు ఆ కంగారులో ఇవ్వడం కూడా మర్చిపోయి వెనక్కి తెచ్చేసుకుంటుంది. అదే రోజు సాయంత్రం మంచి గౌను వేసుకుని థియేటర్‌కి బయల్దేరుతుంది, వ్రాన్‌స్కీ వద్దంటున్నా వినదు, అక్కడ పక్క బాక్సులో ఉన్నావిడ ఈమె పక్కన కూర్చోవడమే సిగ్గుచేటని అందరికీ వినపడేలా అని లేచిపోతుంది. ఎందుకెళ్లింది, అవమానిస్తారని తెలీదా? తెలుసు. కానీ వాళ్లు పరాయివాళ్లు కాదు, నిన్నటిదాకా తన మనుషులు, ఆ లోకం మీద ఆవిడకి ఇంకా ప్రేమ చావలేదు. అక్కర్లేదనుకునే మనిషైతే అసలు ఘర్షణే ఉండదు కదా, ఇటలీలోనే హాయిగా ఉండిపోయేది. మంచి క్లాసిక్స్‌లో లోకం బయట నిలబడి రాళ్లేసే గుంపు ఒక్కటే కాదు, సగం ఆ పాత్ర లోపలే కూర్చుని ఉంటుంది, అందుకే తప్పు ఎవరిదో గీత గీసి చెప్పడం నా వల్ల కావట్లేదు.

ప్రశ్న: నేను చాలా మెతకండి, ఎవరితోనూ గొడవ పడను. నాలాగా తన పని తాను చేసుకుంటూ పూర్తిగా సర్దుకుపోయిన పాత్ర క్లాసిక్స్‌లో ఉందా, అలాంటివాళ్లయినా సుఖంగా ఉన్నారా?

జవాబు: ఉన్నాడు. 1842లో గొగోల్ రాసిన ఓవర్‌కోటు కథలో అకాకీ అకాకియెవిచ్. కాగితాలు చూసి రాయడం ఆయన పని, ఆ అక్షరాలంటే ప్రాణం, ఇంటికొచ్చి కూడా సరదాకి రాసుకుంటాడు. ఆఫీసులో కుర్రాళ్లు నెత్తిన కాగితం ముక్కలు పోస్తే కూడా ఏమనడు, మరీ భరించలేకపోతే నన్నొదిలెయ్యండి, ఎందుకిలా బాధపెడతారు అంటాడు, అంతే. కోటు చిరిగిపోయింది, కొత్తదానికి 80 రూబుళ్లు, అందుకోసం సాయంత్రం టీ మానేశాడు, కొవ్వొత్తి వెలిగించడం మానేశాడు, బూట్ల అడుగు అరగకుండా మునివేళ్ల మీద నడిచాడు. కోటు వేసుకున్న మొదటి రాత్రే దొంగలు లాక్కుపోయారు.

సాయం చేయమని ఒక పెద్ద ఆఫీసర్ దగ్గరికి వెళ్తే ఆయన అకాకీ స్పృహ తప్పేలా గద్దిస్తాడు. ఇక్కడ గొగోల్ చెప్పిన చిన్న విషయం నేను ఎప్పటికీ మర్చిపోలేను: ఆ ఆఫీసర్ చెడ్డవాడేం కాదు, ఆ టైముకి పాత స్నేహితుడు గదిలో కూర్చుని ఉన్నాడు, వాడి ముందు తన దర్జా చూపించుకోవాలనిపించింది. అంతే కారణం! అకాకీ జ్వరం తగిలి పోతాడు, ఆఫీసుకి ఆ సంగతి కొన్ని రోజుల తర్వాత గానీ తెలీదు, మర్నాటికే ఆ కుర్చీలో ఇంకొకడు. కాబట్టి మొదటి ప్రశ్న అడిగినావిడకి కూడా ఇదే నా జవాబులో మిగతా సగం, సర్దుకుపోయినవాణ్ణి లోకం ఏమీ చెయ్యదనే గ్యారంటీ లేదు. మన భాషలోనే ఇలాంటి మనిషిని చూడాలంటే రావిశాస్త్రి అల్పజీవిలో సుబ్బయ్య ఉన్నాడు, ఆ పిరికితనాన్ని లోపల్నుంచి అంత దగ్గరగా చూపించిన నవల నేను ఇంకోటి చదవలేదు.

ప్రశ్న: అసలు గెలిచినవాళ్లే లేరా?

జవాబు: ఉన్నారు, కానీ ఆ గెలుపు ఎలా వచ్చిందో కూడా చూడాలి. ఇబ్సెన్ నాటకం ఎ డాల్స్ హౌస్‌లో 1879లోనే నోరా భర్తనీ పిల్లల్నీ వదిలి తలుపేసి బయటికి నడిచింది, జర్మనీలో ఆ ముగింపు ఒప్పుకోరని తెలిసి ఇబ్సెనే స్వయంగా ఇంకో ముగింపు రాసివ్వాల్సొచ్చింది, అందులో పిల్లల్ని చూసి ఆగిపోతుంది. ఆయనకి ఆ ముగింపు అస్సలు ఇష్టం లేదు.

పూర్తిగా గెలిచింది అంటే షార్లెట్ బ్రాంటీ నవలలో జేన్ ఐర్ అని చెప్తాను. తను పెళ్లాడబోయే రోచెస్టర్‌కి అప్పటికే పెళ్లాం ఉందని పెళ్లి రోజున బయటపడితే, ఎంత ప్రేమున్నా చేతిలో దాదాపు ఏమీ లేకుండా వెళ్లిపోయింది, సరైన తిండి లేకుండా రోజుల తరబడి తిరిగింది, మళ్లీ వచ్చింది కూడా తన ఇష్టంతోనే. కానీ ఆ రావడానికి ముందు బాబాయి ఆస్తి 20,000 పౌండ్లు వస్తుంది, అది ముగ్గురు బంధువులతో సమానంగా పంచుకున్నా తన వాటా 5,000 మిగిలింది. ఆ డబ్బు లేకపోతే నేను స్వతంత్రురాలినని రోచెస్టర్ ముందు అంత ధీమాగా అనగలిగేదా అని నాకు అనుమానమే. 1847లో ఆ నవల అచ్చయినప్పుడు షార్లెట్ బ్రాంటీ సొంత పేరు వేసుకోలేదు, ఆడో మగో తెలియని కరర్ బెల్ అనే పేరుతో వచ్చింది.