ఇంట్లో తొక్కడానికి ఏ ట్రైనర్ కొనాలి? ముందు మీ సైకిల్ ఇరుసును, మీ గది నేలను చూడండి

చలికాలమంతా రోడ్డు మీదికి వెళ్లడం కుదరదని, డిస్క్ బ్రేకులున్న రోడ్డు సైకిల్ ఉందని, పై అంతస్తు ఫ్లాట్‌లో ఉంటూ వారానికి మూడు నాలుగు రోజులు తొక్కాలనుకుంటున్నానని మీరు రాశారు. ట్రైనర్ అంటే సైకిల్‌ను ఒకేచోట నిలబెట్టి ఇంట్లోనే తొక్కనిచ్చే పరికరం. టైరుకు ఆనించి నడిపే ట్రైనర్ సరిపోతుందా, వెనుక చక్రం తీసేసి బిగించే డైరెక్ట్ డ్రైవ్ కొనాలా అన్నది మీ సందేహం. నేను మొదటి రకాన్ని రెండు చలికాలాలు, రెండో రకాన్ని ఆ తరువాత నాలుగు చలికాలాలు వాడాను. వారానికి మూడు రోజులకు తక్కువ కాకుండా తొక్కేవారికైతే డైరెక్ట్ డ్రైవే మేలని ఆ అనుభవంతో చెబుతున్నాను.

నా మొదటి ట్రైనర్ ఫ్లూయిడ్ రకానిది. దాని రోలర్‌కు కలిపిన రెక్కలు చిక్కటి సిలికాన్ నూనెలో తిరుగుతాయి కనుక చక్రం వేగం పెరిగేకొద్దీ పెడళ్ల మీద తెలిసే బరువు దానంతటదే పెరుగుతుంది, గేరు మార్చినప్పుడు కాళ్లకు తెలిసే తేడా కూడా రోడ్డు మీద తెలిసేదానికి దగ్గరగానే ఉంటుంది. ఆ విషయంలో నాకు ఫిర్యాదు లేదు. ఇబ్బంది అంతా టైరుతోనే వచ్చింది. ప్రతిసారీ గాలి ఒకే మోతాదులో ఉండాలి, రోలర్‌ను టైరుకు బిగించే మరను ప్రతిసారీ అన్నే చుట్లు తిప్పాలి. ఇందులో ఏది తప్పినా నిన్న తేలికగా తొక్కిన గేరు ఈరోజు బరువెక్కుతుంది. మొదటి పది నిమిషాల్లో టైరు, నూనె రెండూ వేడెక్కి ఆ లెక్క మళ్లీ మారుతుంది. లేచి నిలబడి గట్టిగా తొక్కితే టైరు జారుతుంది. నెల తిరిగేసరికి చక్రం కింద నేల మీద కాటుకలాంటి సన్నని నల్లటి రబ్బరు పొడి పేరుకుంది, గుండ్రంగా ఉండవలసిన టైరు నడిమి భాగం పట్టీలా చదునైపోయింది. ట్రైనర్ కోసమే గట్టి రబ్బరుతో చేసిన టైర్లు దొరుకుతాయి కానీ అవి రోడ్డు మీద పట్టు ఇవ్వవు. అందుచేత ఎండ కాసిన రోజున బయటికి వెళ్లాలంటే మరో చక్రమైనా ఉండాలి, టైరు మార్చే ఓపికైనా ఉండాలి.

డైరెక్ట్ డ్రైవ్‌లో చైను నేరుగా ట్రైనర్ మీది క్యాసెట్‌ను (వెనుక గేర్ల పళ్లచక్రాల గుత్తిని) తిప్పుతుంది కనుక టైరు బాధలన్నీ ఒక్కసారిగా పోతాయి. మీరు తొక్కే బలాన్ని చూపే వాట్ల లెక్క కూడా మెరుగ్గా ఉంటుంది. టైరు మీద నడిచే స్మార్ట్ ట్రైనర్లకు (ఫోనుతోనో కంప్యూటరుతోనో కలిసి పనిచేసేవాటికి) తయారీదారులు సాధారణంగా 3 నుంచి 5 శాతం వరకు తేడా ఉండవచ్చని చెబుతారు, డైరెక్ట్ డ్రైవ్‌లకు 1 నుంచి 2.5 శాతం అంటారు. మీరు 200 వాట్ల దగ్గర తొక్కుతుంటే 5 శాతం తేడాతో ఆ అంకె 190 నుంచి 210 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. ఊరికే చెమట పట్టేదాకా తొక్కేవారికి ఇది పట్టించుకోవలసిన సంగతి కాదు, అంకెలను బట్టి సాధన చేసేవారికి మాత్రం ముఖ్యమే.

కొనేముందు వెనుక ఇరుసు కొలత చూసుకోండి. పాత రిమ్ బ్రేకు రోడ్డు సైకిళ్లకు 130 మిల్లీమీటర్ల క్విక్ రిలీజ్ (చేతి మీటతో బిగించే సన్నని ఇరుసు), ఇప్పటి డిస్క్ బ్రేకు రోడ్డు సైకిళ్లలో చాలావాటికి 142 మిల్లీమీటర్ల వెడల్పు, 12 మిల్లీమీటర్ల మందం ఉన్న త్రూ యాక్సిల్ (ఫ్రేములోకి మరలా బిగిసే ఇరుసు) ఉంటాయి. టైరు రకం ట్రైనర్ మీ సైకిల్‌ను ఇరుసు కొసల దగ్గరే పట్టుకోవాలి కనుక త్రూ యాక్సిల్ ఉంటే దానికోసం వేరే ఇరుసు కొనాలి. దాని మర పిచ్ (మర గాళ్ల మధ్య దూరం) కూడా 1, 1.5, 1.75 మిల్లీమీటర్లలో మీ ఫ్రేముకు ఏది నప్పుతుందో చూసుకోవాలి. డైరెక్ట్ డ్రైవ్‌కైతే మీ సైకిల్‌కు ఎన్ని గేర్లున్నాయో అన్ని గేర్ల క్యాసెట్, దానికి సరిపోయే ఫ్రీహబ్ (క్యాసెట్ ఎక్కే భాగం) అవసరం. పెట్టెలో క్యాసెట్ ఇస్తారో లేదో ముందే అడగండి. మీవి డిస్క్ బ్రేకులు కనుక ఇంకొక జాగ్రత్త చెప్పాలి. చక్రం తీసిన వెంటనే బ్రేకు ప్యాడ్ల మధ్య ప్లాస్టిక్ బిళ్ల పెట్టండి. ఒకసారి అది పెట్టడం మరచి చెయ్యి తగిలి లివరు నొక్కుకుపోయింది, పిస్టన్లు ముందుకు వచ్చేశాయి, మళ్లీ చక్రం పట్టడానికి వాటిని వెనక్కి నెట్టేసరికి ఒక పూట పట్టింది.

స్మార్ట్ ట్రైనర్ ఏదైనా సరే, బ్లూటూత్ మీద ఎఫ్‌టీఎంఎస్ పద్ధతిని (వ్యాయామ పరికరాలు, యాప్‌లు మాట్లాడుకునే ఉమ్మడి పద్ధతిని) అందుకుంటుందో లేదో చూడండి. ఉంటే జ్విఫ్ట్, రూవీ, మైవూష్ వంటి ఇండోర్ సైక్లింగ్ యాప్‌లలో మీకు నచ్చినదానితో నడుపుకోవచ్చు. వీటిలో మొదటి రెండింటికి చందా కట్టాలి, మైవూష్ ఉచితం.

శబ్దం విషయంలో పెట్టె మీది డెసిబెల్ అంకెను చూసి నిశ్చింతగా ఉండవద్దు. మీ గదిలో వినిపించే చప్పుడు వేరు, నేల గుండా కింది ఇంటికి దిగే అదురు వేరు. నా కొత్త ట్రైనర్ పక్క గదిలోకి కూడా వినిపించదు, అయినా తెల్లవారుజామున కింది ఇంటివారికి పైకప్పులోంచి గుయ్‌మని వినిపించేదట. మందపాటి రబ్బరు చాప వేసి, గది మధ్యనుంచి తీసి గోడ వారగా, కింద దూలం ఉన్న చోట పెట్టిన తరువాత వారికి ఆ బాధ తప్పింది.

ట్రైనర్ కోసం దాచిన సొమ్ములోనే మంచి ఫ్యానుకు కొంత పక్కన పెట్టండి. మన శరీరం ఖర్చు చేసే శక్తిలో పెడళ్లకు చేరేది దాదాపు 20 నుంచి 25 శాతమే, మిగిలినదంతా వేడిగా బయటికి వస్తుంది. అంటే 150 వాట్లతో తొక్కుతున్నప్పుడు ఒంట్లోంచి 450 నుంచి 600 వాట్ల వేడి వెలువడుతుంది. రోడ్డు మీద ఎదురుగాలి దానిని లాగేస్తుంది, గదిలో ఆ గాలి ఉండదు. చలికాలమే కదా అని మొదటి ఏడాది నేను ఫ్యాను పెట్టలేదు. అరగంటకే నీరసపడేవాడిని, కారిన చెమట హ్యాండిల్ కింది బోల్టుల్లోకి దిగి వసంతానికి అవి తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. అప్పటినుంచి హ్యాండిల్ మీద తువ్వాలు పరచి, దిగగానే తడిబట్టతో సైకిల్ తుడుస్తున్నాను.

సైకిల్‌ను ఎక్కడా బిగించకుండా తిరిగే గొట్టాల మీద తొక్కే రోలర్లు అనే మరో రకం ఉంది; పడిపోకుండా తూకం నిలుపుకోవడం నేర్పడంలో అవి గొప్పవి కానీ మొదటి ట్రైనర్‌గా వాటిని సిఫారసు చేయలేను. డైరెక్ట్ డ్రైవ్‌కు ఇప్పుడు డబ్బు సరిపోకపోతే ఫ్లూయిడ్ రకమే తీసుకుని, ఒక పాత వెనుక చక్రానికి ట్రైనర్ టైరు ఎక్కించి ఉంచుకోండి. మీది కార్బన్ ఫ్రేము అయితే ట్రైనర్ మీద బిగించడాన్ని వారంటీ ఒప్పుకుంటుందో లేదో చదివి చూడండి. వెనుక ఇరుసు మీద చెక్కిన కొలతను, మీ గేర్ల సంఖ్యను ఇక్కడ రాస్తే ఏ అడాప్టర్, ఏ ఫ్రీహబ్ కావాలో చూసి చెబుతాను.