పురుగు మందుకు అలవాటు పడలేదు

ప్రశ్న: నాలుగెకరాల్లో బీటీ పత్తి వేశాను. 110 రోజుల పంట. కాయల్లో గులాబీ రంగు పురుగు ఉంది. నాలుగుసార్లు మందు కొట్టినా చావలేదు. విత్తనం నకిలీదా, పురుగు మందుకు అలవాటు పడిందా? షాపులో రెండు మందులు కలిపి డోసు రెట్టింపు చేయమంటున్నారు. – ఒక రైతు, జనగామ జిల్లా

జవాబు: రెండూ కాకపోవచ్చు. అసలైన బీజీ-2 (రెండు బీటీ జన్యువులున్న) పత్తిలోనే ఈ పురుగు కొన్నేళ్లుగా బతుకుతోంది. బీటీ విషం, అంటే పత్తి మొక్క తనలోనే తయారుచేసే విషం, తిన్న పురుగు అలవాటు పడదు, చస్తుంది. వేలల్లో ఏ ఒకటి రెండింటికో ఆ విషాన్ని తట్టుకునే గుణం పుట్టుకతోనే ఉంటుంది. మిగతావి చచ్చాక అవి వాటిలో అవే జతకడతాయి, పిల్లలన్నిటికీ అదే గుణం. నెలా నెలన్నరకో తరం. మీ పిల్లలు బడిలో చదివే ప్రకృతి వరణం ఇదే. మందులతోనూ ఇంతే: డోసు పెంచితే ఇంకా మొండివే మిగులుతాయి, మిత్రపురుగులు ముందు పోతాయి.

శనగపచ్చ పురుగు కంది, శనగ, టమాటా మీదా బతుకుతుంది. అక్కడ బీటీ లేదు కాబట్టి విషానికి లొంగే రకం మిగిలే ఉంది. గులాబీ పురుగుకు దాదాపు పత్తే దిక్కు. అందుకే బీటీ సంచితో 120 గ్రాముల నాన్ బీటీ (ఆ విషం లేని) విత్తనాల పొట్లం ఇచ్చారు. దాని మీద పెరిగిన లొంగే పురుగు మొండిదానితో జతకడితే, వాటి పిల్లలు బీటీ కాయ తిని చాలామటుకు చస్తాయి. ఆ పొట్లాన్ని గట్టున పారేశాం. దండగని చెప్పిన డీలర్లూ ఉన్నారు. ఈ నష్టంలో దానికీ వాటా ఉంది.

ఇప్పుడు చేయాల్సింది: ఎకరాకు 20 పచ్చికాయలు కోసి పగలగొట్టండి. రెండింటిలో పురుగుంటేనే థయోడికార్బ్ లీటరు నీటికి 1.5 గ్రాములు, ఒక్కటే, సాయంత్రం పూట కొట్టండి. దేనితోనూ కలపొద్దు. పది రోజులాగి మళ్లీ 20 కాయలు చూసి, అవసరమైతే ప్రొఫెనోఫాస్ లీటరు నీటికి 2 మి.లీ. గుడ్డు పగిలిన పిల్ల వెంటనే కాయలోకి దూరుతుంది. లోపలున్నదాన్ని ఏ మందూ అందుకోలేదు. మీ నాలుగు పిచికారీలు పోయింది అందుకే.

డిసెంబరు ఆఖరుకు పంట తీసేయండి. కాపు కోసం నీళ్లు పెట్టి మార్చి దాకా సాగదీయొద్దు. చివరి ఏరుడు తర్వాత గొర్రెలను తోలండి, కట్టెను ష్రెడ్డర్‌తో ముక్కలు చేసి దున్నండి. పొయ్యిలోకని ఇంటి దగ్గర కుప్ప వేస్తే కాయల్లో దాగిన పురుగు వచ్చే వానాకాలం మీ చేనుకే వస్తుంది. ఇప్పుడు నాన్ బీటీ గింజ సంచిలోనే కలిపి వస్తుంది, ఏరి పారేయకండి. 45వ రోజు నుంచి ఎకరాకు 4 లింగాకర్షక బుట్టలు (ఆడ పురుగు వాసనతో మగ రెక్కల పురుగులను పట్టేవి) పెట్టండి. వరుసగా మూడు రోజులు బుట్టకు 8 రెక్కల పురుగులు పడితే అప్పుడు మందు గురించి అడగండి.