బురదలో పూసే ‘బంతి’ మన బంతి కాదు

ప్రశ్న: చెరువు కట్ట కింద పది గుంటల ఊట నేల ఉంది. ‘మార్ష్ మ్యారీగోల్డ్’ అనే బంతి బురదలోనే పూస్తుందని, పసుపు, తెలుపు, ముద్ద రకాలు ఉన్నాయని ఆన్‌లైన్‌లో చూశాను. విత్తనం కొనమంటారా? ఇంకోటి, నిరుడు నారింజ బంతి నుంచి తీసిన విత్తనం వేస్తే సగం పసుపు పూలే వచ్చాయి. ఎందుకు?
– ఓ రైతు, చేవెళ్ల ప్రాంతం

జవాబు: కొనకండి. దానికీ బంతికీ పేరు తప్ప చుట్టరికం లేదు. బంతి చామంతి కుటుంబంది, ఇది నల్లజీలకర్ర కుటుంబంది. పసుప్పచ్చగా కనబడిన పువ్వుకల్లా ఇంగ్లిషు వాళ్లు ఈ పేరే తగిలించారేమో! యూరప్, ఉత్తర అమెరికాల్లో మంచు కరిగాక వాగుల ఒడ్డున పూసే చలి మొక్క. మన దగ్గర చూడాలంటే కశ్మీర్, హిమాచల్ కొండలెక్కాలి.

రంగుల మాట మాత్రం నిజమే. మామూలు పువ్వు నూనె రాసినట్టు మెరిసే పసుపు. హిమాలయాల్లో తెల్లపూల రకం ఉంది. విదేశీ నర్సరీల్లో ‘ఆల్బా’ పేరుతో దొరికేది తెల్లపూలదే. చిత్రమేంటంటే, ఆ పువ్వుకు అసలు రేకులే ఉండవు. మొగ్గను కప్పి ఉంచే రక్షక పత్రాలే రంగు తేలి రేకుల్లా విచ్చుకుంటాయి. ముద్ద పూల రకాన్ని విత్తనంతో కాదు, దుబ్బు విడదీసి పెంచుతారు. మామూలు రకం విత్తనమైనా తాజాగా చల్లాలి, చలికాలం గడిస్తేనే మొలుస్తుంది. ప్యాకెట్లో ఎండిన విత్తనం మీద ఆశ పెట్టుకోవద్దు. ఒకవేళ మొలిచినా మన మే ఎండకు ఆగదు. పైగా దాని పచ్చి ఆకు మేస్తే పశువులకు విషం.

మీ ఊట నేలలో ఎండాకాలం కూడా అడుగు లోతు నీరు నిలిచేట్టయితే తామర నయం. దుంప నాటేటప్పుడు మొలక కొన విరగకూడదు. పూలు ఎక్కడ అమ్మాలో ముందే మాట్లాడుకుని, మొదట రెండు గుంటల్లోనే వేసి చూడండి.

ఇక బంతి రంగు. మీరు విత్తనం తీసింది హైబ్రిడ్ మొక్క నుంచి అయి ఉంటుంది. బంతి రంగుకు మూలం ల్యూటిన్ అనే పదార్థం. అది తక్కువుంటే పసుపు, బాగా ఎక్కువుంటే నారింజ. హైబ్రిడ్ విత్తనం మళ్లీ వేస్తే ఈ గుణం చీలిపోయి రంగులు కలగాపులగమవుతాయి. విత్తనం దాచుకోవాలంటే ఢిల్లీ వ్యవసాయ పరిశోధన సంస్థ ఇచ్చిన పూసా నారంగి గెందా (నారింజ), పూసా బసంతి గెందా (పసుపు) లాంటి రకాలు వేయండి. రెండింటినీ పక్కపక్కన మాత్రం వేయొద్దు, తేనెటీగలు కలిపేస్తాయి. హైబ్రిడ్డే కావాలంటే మొగ్గ పట్టని కొమ్మ కొనలు నాలుగంగుళాలు తుంచి, కింది ఆకులు తీసేసి, నీడలో తడి ఇసుకలో గుచ్చండి. వేరు పట్టాక గట్టు మీద నాటండి, ఊటలోకి దించితే కుళ్లిపోతాయి. పూలు తల్లి మొక్క రంగులోనే వస్తాయి.