సొంత తరగతి పిల్లలకు ట్యూషన్ చెప్పడం తప్పా?

కావలిలో ఒక ప్రైవేటు పాఠశాలలో ఎనిమిదో తరగతికి గణితం చెబుతున్నానని, తన తరగతి పిల్లల తల్లిదండ్రులే సాయంత్రం ట్యూషన్ పెట్టమని అడుగుతున్నారని, చాలీచాలని జీతంతో కాదనలేకపోతున్నానని రాసి, ఇందులో తప్పుందా అని ఒక టీచర్ అడిగారు. లెక్కల మాస్టారుగా పదవీ విరమణ చేసినవాణ్ని. ఒకప్పుడు ఆ పని చేసినవాణ్ని కూడా కాబట్టి సమాధానం రాస్తున్నాను.

చట్టం సంగతి ముందు చెబుతాను. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం, 28వ సెక్షన్‌లో, ఏ ఉపాధ్యాయుడూ ప్రైవేటు ట్యూషన్ చెప్పరాదని ఒక్క వాక్యంలో తేల్చేసింది. ప్రైవేటు పాఠశాలలకు ఇది వర్తించదనే మాట స్టాఫ్‌రూముల్లో వినిపిస్తుంది గానీ, అది నిజం కాదు. దానికంటే నాకు ముఖ్యంగా తోచేది 24వ సెక్షన్: ప్రతి పిల్లవాడికీ ఎంతవరకు అర్థమవుతోందో గమనించి, అవసరమైన వాళ్లకు అదనంగా బోధించడం కూడా ఉపాధ్యాయుడి విధుల్లోనే ఉందని అందులో ఉంది. అంటే మనం సాయంత్రం అమ్మేది, పగలు ఇవ్వవలసినదే.

1990ల మధ్యలో కందుకూరు ప్రాంతంలోని (అప్పటికి అది ప్రకాశం జిల్లా) ఒక ఉన్నత పాఠశాలలో పనిచేసేవాణ్ని. ఇలాంటి పనిని ఒప్పుకోని ప్రభుత్వోద్యోగుల ప్రవర్తనా నియమావళి 1964 నుంచే ఉన్నా, అద్దె ఇంటి వరండాలో పదిమందికి పైగా పదో తరగతి పిల్లలకు ట్యూషన్ చెప్పేవాణ్ని. తరగతిలో పాఠం తగ్గించాలని నేనెప్పుడూ అనుకోలేదు. కానీ ఎలాగూ సాయంత్రం మళ్లీ చెప్పాలి కదా అన్న ధీమాతో, త్రికోణమితిలో ఎత్తులు, దూరాల లెక్కల వంటివి వచ్చినప్పుడు ఒకటి రెండు బోర్డు మీద చేసి, మిగిలినవి ఇంటి దగ్గర చేసుకోమని వదిలేయడం నాకు తెలియకుండానే అలవాటైపోయింది.

యూనిట్ పరీక్ష పేపర్లు దిద్దుతుండగా, తెలివైన ఒక అమ్మాయి ఒక లెక్క పూర్తిగా వదిలేసి ఉండటం చూసి పిలిచి అడిగాను. వాళ్లమ్మ పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్ల దగ్గర కూలికి వెళ్లేది. ట్యూషన్ ఫీజు వాళ్లకు అందేది కాదు. "అది మాకు చెప్పలేదు సార్, ట్యూషన్ వాళ్లకు చెప్పారంట" అంది. గొంతులో ఫిర్యాదేమీ లేదు, ఉన్నమాట చెప్పింది, అంతే. ఆ ప్రశ్నపత్రం తయారుచేసింది నేనే. రెండు రోజుల ముందు వరండాలో చేయించిన లెక్కనే, ఆలోచించకుండా అంకెలు మార్చి ఇచ్చాను. నా పాఠ్య ప్రణాళిక పుస్తకంలో మాత్రం ఆ అధ్యాయం పూర్తయినట్టే ఉంది.

ఇక తల్లిదండ్రులే అడుగుతున్నారన్న మాట. తమ బిడ్డకు మార్కులు వేసే చెయ్యి మీదైనప్పుడు వాళ్ల అడగడంలో ఇష్టమెంతో, భయమెంతో మీకు తెలిసే అవకాశం లేదు. ఫీజు కట్టలేనివాళ్లు అసలు మీ దగ్గరికి రారు కాబట్టి, వాళ్ల లెక్క మీకు కనబడదు.

మీ జీతం బాధను నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. వేసవి సెలవులకు జీతం ఇవ్వని యాజమాన్యాలు మన జిల్లాల్లో ఉన్న సంగతి నాకు తెలుసు. ఆ పోరాటం యాజమాన్యంతో చేయవలసినది, దాని ఖరీదు పిల్లల మీద వేయకూడదు. వెనకబడినవాళ్ల కోసం బడిలోనే, ఫీజు లేకుండా, అందరికీ తెలిసేలా అదనపు తరగతి పెట్టి, ఆ గంటకు మీకు వేతనం ఇమ్మని రాతపూర్వకంగా అడగండి. ఒప్పుకుంటారని హామీ ఇవ్వలేను.

నేను ఆ జూన్ నుంచి ట్యూషన్ మానేసి, ఉదయం బడి గంటకు ముందే వెళ్లి కూర్చోవడం మొదలుపెట్టాను. మొదటి వారం ముగ్గురే వచ్చారు. ఆ అమ్మాయి అప్పటికే పరీక్షలు రాసి వెళ్లిపోయింది.