సుంకం సున్నా అయినా ఖర్చెందుకు?

ప్రశ్న: ఐరోపా సమాఖ్యతో బ్రిటన్ సుంకాల్లేని ఒప్పందమే చేసుకుంది కదా! మరి బ్రెగ్జిట్ (సమాఖ్య నుంచి బ్రిటన్ వైదొలగడం) వల్ల వ్యాపారం దెబ్బతిందని ఎందుకంటారు?

జవాబు: ఆ సున్నా సుంకానికి షరతుంది. సరుకు బ్రిటన్‌లోనో, సమాఖ్యలోనో తయారైందని ‘మూలం నిబంధనల’ ప్రకారం నిరూపించాలి. చైనా చొక్కాలు సుంకం కట్టి బ్రిటన్‌లోకి వచ్చాక, అవే సమాఖ్య సభ్యదేశమైన ఐర్లాండ్‌కు వెళితే అక్కడ మళ్లీ సుంకం పడుతుంది. దుస్తులపై అది సాధారణంగా 12 శాతం. పెట్టె మార్చి కొత్త లేబుల్ అంటించినంత మాత్రాన మూలం మారదు. చాలామంది వ్యాపారులు బోల్తాపడింది ఇక్కడే.

2021 జనవరి 1 నుంచి కస్టమ్స్ పత్రాలూ తప్పనిసరయ్యాయి. మాంసం, జున్ను పంపాలంటే పశువైద్యాధికారి సంతకం చేసిన ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. లారీ నిండా ఒకే సరుకుంటే ఆ ఖర్చు తెలియదు. పదిమంది చిన్న వ్యాపారుల పెట్టెలు కలిపి పంపితే మాత్రం, ఒక్కరి పత్రంలో తప్పున్నా లారీ మొత్తం ఆగుతుంది. పెద్ద కంపెనీలు తట్టుకున్నాయి, చిన్నవాళ్లలో కొందరు ఎగుమతే మానుకున్నారు.

సమాఖ్యలోనే కొనసాగి ఉంటే ఉండేదానితో పోలిస్తే దీర్ఘకాలంలో ఉత్పాదకత 4 శాతం తక్కువగా ఉంటుందని బ్రిటన్ బడ్జెట్ బాధ్యతా కార్యాలయం అంచనా. అంచనాయే, లెక్కతేలిన నష్టం కాదు. కొవిడ్, ఉక్రెయిన్ యుద్ధం ప్రభావాలను విడదీయడం కష్టమన్న వాదనలోనూ పస ఉంది.

రాజకీయంగా అసలు చిక్కు బ్రిటన్‌లో భాగమైన ఉత్తర ఐర్లాండ్‌ది. ఐర్లాండ్‌తో దాని సరిహద్దులో తనిఖీలు వద్దనుకున్నారు, అవి బ్రిటన్ ప్రధాన భూభాగానికీ ఉత్తర ఐర్లాండ్‌కూ మధ్య ఉన్న సముద్ర మార్గానికి మారాయి. దీనికి నిరసనగా, ఉత్తర ఐర్లాండ్ బ్రిటన్‌లోనే ఉండాలనే అక్కడి పార్టీ డీయూపీ 2022 నుంచి 2024 దాకా అక్కడి ప్రభుత్వాన్నే స్తంభింపజేసింది.