చిన్న రైఫిల్‌కి సొంత తూటాలు: మేనల్లుడికి ఉత్తరం

చి. కార్తీక్‌కి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు 7ఎంఎం-08 తూటా వాడే రైఫిల్ కొన్నావని, అదీ 18 అంగుళాల బ్యారెల్‌దని మీ అమ్మ చెప్పింది. చెప్పడమేమిటి, "వాణ్ణి నువ్వే చెడగొట్టావురా" అని ఫోన్లో అరగంట వాయించింది. అక్కయ్య లెక్కలో వేటంటే జైలుకెళ్ళే పని. 1972 చట్టం వచ్చాక మన దేశంలో అంతే కూడాను. టెక్సస్‌లో జింకలు ఎక్కువైపోయి, ప్రభుత్వమే లైసెన్సులిచ్చి వేటాడిస్తుందంటే ఆవిడ నమ్మదు. ఆవిడ సంగతి నాకొదిలెయ్. నువ్వడిగిన దానికొస్తాను.

"పుస్తకంలో రాసిన వేగం నా రైఫిల్లో రావాలంటే పౌడర్ ఎంత పెంచాలి?" అని మెసేజ్ పెట్టావు. ఒక్క గింజ కూడా పెంచకూడదు. పొట్టి బ్యారెల్ ఉన్నవాళ్ళందరికీ మొదట వచ్చే అనుమానమే ఇది, చేతులు పోగొట్టుకునే దారి కూడా ఇదే. అందుకని ముందు దీని సంగతి తేల్చుకుందాం.

రీలోడింగ్ (తూటాలు సొంతంగా నింపుకోవడం) పుస్తకాల్లో ఈ తూటాకి ఇచ్చే వేగాలు చాలావరకు 24 అంగుళాల బ్యారెల్‌తో కొలిచినవి. నీది ఆరంగుళాలు తక్కువ. అంగుళానికి సెకనుకి 20, 25 అడుగుల చొప్పున వేసుకో, నూట ఇరవై నుంచి నూట యాభై అడుగులు ఎలాగూ పోతాయి. అది పౌడర్ తక్కువై పోయింది కాదు, గ్యాసు బుల్లెట్‌ని తోసే దూరం తగ్గి పోయింది. కానీ ఒత్తిడి? అది బుల్లెట్ కేసుని, అంటే పౌడర్ నింపే ఇత్తడి గొట్టాన్ని, వదిలి మొదటి కొద్ది అంగుళాలు కదిలేలోపే గరిష్ఠానికి చేరిపోతుంది. బ్యారెల్ 18 అయినా 24 అయినా చాంబర్లో ఒత్తిడి ఒకటే. ఈ తూటాకి అమెరికా తయారీదారుల సంస్థ సామి పెట్టిన హద్దు చదరపు అంగుళానికి 61,000 పౌండ్లు. నీ పొట్టి బ్యారెల్లోంచి పుస్తకంలోని పొడుగు బ్యారెల్ వేగం వచ్చిందంటే సంతోషించకు. ఆ హద్దు దాటావన్నమాట. బుల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ కొన్నానన్నావు, బాగుంది. దాన్ని వేగం చూసి మురిసిపోవడానికి కాకుండా ఒత్తిడి కనిపెట్టే కాపలాదారుగా వాడు.

ఇంతకీ పోయిన ఆ వేగంతో నీకు పనేముంది? టెక్సస్ హిల్ కంట్రీలో నువ్వు దాక్కుని కూర్చోబోయే బ్లైండ్ నుంచి జింకలకి మేత రాల్చే ఫీడరు దాకా వంద గజాలు ఉంటే ఎక్కువ. 140 గ్రెయిన్ల బుల్లెట్ 2,650 అడుగుల వేగంతో వెళ్ళినా అక్కడి తెల్లతోక జింకకి చాలి మిగులుతుంది. వంద గజాల దగ్గర గురి అంగుళంన్నర పైకి పెట్టుకుంటే రెండొందల గజాల దాకా ఎత్తు సర్దుకోనక్కర్లేదు. అంతకంటే దూరం కొట్టాలనిపిస్తే కాసేపు ఆగు, జింకే దగ్గరికొస్తుంది.

ఇక తయారీ. డబ్బు మిగులుతుందని మొదలుపెట్టావేమో, ఆ ఆశ వదులుకో. ప్రెస్సు, డైలు, త్రాసు, కాలిపర్, ట్రిమ్మరు కొనేసరికి కొన్నేళ్ళకి సరిపడా ఫ్యాక్టరీ తూటాలు వస్తాయి. మనకి దక్కేది వేరే: ఈ రైఫిల్‌కి నచ్చిన బుల్లెట్, ప్రతిసారీ ఒకేలా.

బ్రాస్ (ఖాళీ కేసులు) అంతా ఒకే కంపెనీది, ఒకే లాట్‌ది తీసుకో. రేంజిలో నేల మీద ఏరుకొచ్చినవి వద్దు. 7ఎంఎం-08 అంటే .308 విన్‌చెస్టర్ కేసుకే మెడ సన్నం చేసినది. 1980లో రెమింగ్టన్ దీన్ని మార్కెట్లోకి తెచ్చింది. అడుగుభాగం చూస్తే .308, .243, ఇదీ ఒకేలా ఉంటాయి. మీ బావ దగ్గర .308 ఉంది కదా, ఇద్దరి డబ్బాలూ ఒకే బల్ల మీద పెట్టొద్దు. నీ తూటా ఆయన రైఫిల్లో దూరిపోతుంది కూడా.

వాడిన కేసుని ఫుల్ లెంగ్త్ డైలో, అంటే కేసు మొత్తాన్నీ నొక్కి కొలతకి తెచ్చే అచ్చులో, సైజు చెయ్. కానీ డైని కేసు అడుగు పట్టుకునే షెల్ హోల్డర్‌కి ఆనించి ఇంకో పావు చుట్టు తిప్పమని డబ్బా కాగితం మీద రాసినదాన్ని గుడ్డిగా చెయ్యకు. కేసు భుజాన్ని, అంటే మెడ కింది వాలుని, రెండు వేలవంతుల అంగుళం మాత్రం వెనక్కి నెట్టాలి. అది కొలవడానికో కంపారేటర్ కొను, కాలిపర్‌కి తగిలించుకోవచ్చు. ఎక్కువ నెడితే కేసు ప్రతిసారీ సాగి, అడుగుకి కాస్త పైన లోపల గీతలా పల్చబడి ఒకరోజు అక్కడే చీలుతుంది. అసలు నెట్టకపోతే బోల్టు బిగుసుకుంటుంది. ఎదుట జింక, చేతిలో మూసుకోని బోల్టు. సైజు చేసే ముందు కేసుకి లూబ్ (జారుడు మందు) పల్చగా వేలితో రాయి. ఎక్కువ రాస్తే భుజం మీద సొట్ట పడుతుంది, మెడ కింద రాయడం మరిస్తే కేసు డైలో ఇరుక్కుంటుంది. సైజు చేశాక తుడిచి, పొడవు చూడు. 2.035 అంగుళాలు దాటకూడదు. దాటినవాటిని 2.025కి కత్తిరించి, మూతి లోపలా బయటా పొక్కులు తీసెయ్.

కేసు అడుగున నిప్పు రాజేసే ప్రైమర్ వేలితో తడిమితే అడుగు కంటే వెంట్రుకవాసి లోపలికి ఉండాలి. పైకి ఉంటే ప్రమాదం. ప్రైమర్లలో సీసపు మందు ఉంటుంది. ఆ చేతుల్తో కాఫీ కప్పు పట్టుకోకు. పని అయ్యాక సబ్బుతో కడుక్కో, పాప దగ్గరికి ఆ చొక్కాతో వెళ్ళకు.

పౌడర్ దగ్గర నేను కొంచెం ఛాదస్తుణ్ణి, ఓపిక పట్టు. బల్ల మీద ఒక్క డబ్బానే ఉండాలి, రెండోది అలమారలో. పౌడర్ కొలిచి పోసే మెజర్ హాపర్లో (పైగిన్నెలో) మిగిలింది పని అయిన వెంటనే ఆ డబ్బాలోకే పోసెయ్, వేరే సీసాలో ఎప్పుడూ పొయ్యొద్దు. ఏ పౌడర్ అంటే, ఈ తూటాకి వార్‌గెట్, హెచ్4895, ఐఎంఆర్ 4064 మూడూ చక్కగా కుదిరేవే. మొదటి రెండూ ఎండకీ చలికీ పెద్దగా తేడా చూపించవు. టెక్సస్‌లో అది చిన్న విషయం కాదు. నువ్వు లోడ్ చూసుకునేది ఆగస్టు ఎండలో, జింక ముందు కూర్చునేది నవంబరు తెల్లవారుజామున. పొట్టి బ్యారెల్‌కి ఖాయంగా వేగంగా మండే పౌడరే కావాలని ఎవరో చెప్పే ఉంటారు. అది పూర్తిగా నిజం కాదు. పొడుగు బ్యారెల్లో ముందున్న పౌడరే మామూలుగా పొట్టి బ్యారెల్లోనూ ముందుంటుంది. నెమ్మదిగా మండేదైతే మూతి దగ్గర మంట, మోత మాత్రం ఎక్కువ. ఆ మోతకే కళ్ళు ముందే మూసుకుంటాం, గురి అక్కడే చెడుతుంది. అందుకే నేనైతే హెచ్4895 వైపు మొగ్గుతాను.

దానికింకో గుణం ఉంది. తయారీదారు హాడ్జ్‌డన్ ఒప్పుకున్న పద్ధతి ప్రకారం, వాళ్ళు ప్రచురించిన గరిష్ఠ మోతాదులో 60 శాతం మిగిలేదాకా దీన్ని తగ్గించవచ్చు, అంతకంటే కిందికి కాదు. తేలికపాటి రైఫిల్ భుజాన్ని గట్టిగా తంతుంది. మీ ఆవిడ సాధన చేస్తానంటే అలాంటి మెత్తటి లోడ్ చేసిపెట్టు. ఇదే పని నెమ్మదిగా మండే పౌడర్లతో చెయ్యకు. సగం నిండిన కేసులో అవి ఊహించని ఒత్తిడి పుట్టించగలవు. తక్కువ వేస్తే ఎప్పుడూ భద్రమే అనుకోవడం ఇక్కడ చెల్లదు.

మోతాదు అంకె నేను రాయను, అడగకు. బుల్లెట్ కంపెనీ పుస్తకం ఒకటి, పౌడర్ కంపెనీ లెక్క ఒకటి, రెండూ ఎదురుగా పెట్టుకుని చూడు. వాళ్ళు మొదటి మోతాదు ఇస్తే అక్కడ, గరిష్ఠమే ఇస్తే దానికి పది శాతం తగ్గించి మొదలుపెట్టు. కొలత గ్రెయిన్లలో. ఒక గ్రెయిన్ అంటే 65 మిల్లీగ్రాములు, మన కంసాలుల గురివింద గింజలో దాదాపు సగం. మనం దానిలో పదోవంతు తూస్తున్నాం. కాబట్టి తూచేటప్పుడు సీలింగ్ ఫ్యాన్ ఆపు, ఏసీ గాలి బల్ల మీదికి రాకుండా చూసుకో. ఎలక్ట్రానిక్ త్రాసుని ముందుగానే ఆన్ చేసి వేడెక్కనివ్వు. మధ్యమధ్యలో పరీక్ష తూకం రాయి పెట్టి చూడు. ఖాళీ పళ్ళెం తిరిగి పెట్టాక అంకె సున్నాకి సరిగ్గా రావట్లేదంటే త్రాసు జారుతోందని. కాడల్లాంటి గింజలున్న పౌడర్లు మెజర్లోంచి సమంగా పడవు. కాస్త తక్కువ వేసి, మిగతాది ట్రిక్లర్ అనే చిన్న గొట్టం తిప్పి గింజగింజగా రాల్చు. అన్ని కేసులూ నింపాక ట్రే మీద టార్చి వేసి లోపలికి చూడు, పౌడర్ మట్టం అన్నిట్లో ఒకే ఎత్తులో ఉండాలి.

బుల్లెట్ ఎంత లోతుకి దింపాలన్న దాని మీద జనం రాత్రుళ్ళు వాదించుకుంటారు. నీకు అంత గొడవ లేదు, నీ మ్యాగజీనే తేల్చేస్తుంది. 2.8 అంగుళాలు దాటితే ఈ తరహా రైఫిళ్ళలో చాలావాటికి పట్టదు. ఆ లోపల, బ్యారెల్ లోపలి మెలి గీతలు మొదలయ్యే చోటికి అంగుళంలో 20 నుంచి 40 వేలవంతులు వెనక ఉండేలా చూడు. పూర్తి రాగి బుల్లెట్లయితే 50 నుంచి మొదలుపెట్టు, వాటికి ఆ ఎడం ఇష్టం. వేటకి వాడే తూటా ఎప్పుడూ గీతలకి గుచ్చుకుని కూర్చోకూడదు. సాయంత్రం జింక రాలేదని తూటా బయటికి లాగితే బుల్లెట్ బ్యారెల్లోనే ఉండిపోతుంది, పౌడరంతా యాక్షన్లో, బోల్టు కదిలే చోట, రాలుతుంది.

రేంజికి వెళ్ళే ముందు స్కోపు మరలు, స్టాకు మరలు టార్క్ రెంచితో బిగించు. పలచటి ప్లాస్టిక్ స్టాకు ముందుభాగం ఇసుక సంచి మీద వంగి బ్యారెల్‌కి తగులుతుందేమో కూడా చూడు. రైఫిల్‌ని పెట్టుకున్నట్టు పెట్టి, ఓ కాగితాన్ని బ్యారెల్ కింద జరుపు, ఆగకుండా పోవాలి. తూటాని తిట్టే సందర్భాల్లో సగం నేరం ఈ మరలదే.

మొదటిసారి ఒక్కో మోతాదుకి ఒక్కటే తూటా, 0.3 గ్రెయిన్ల మెట్లతో పైకి వెళ్ళు. ప్రతి దెబ్బకీ కేసు తీసి చూడు. బోల్టు ఎత్తడం బరువైందా, కేసు అడుగున, దాన్ని బయటికి తోసే ఎజెక్టర్ గుండ్రటి మెరుపు గుర్తు పడిందా, ప్రైమర్ అంచులు పరుచుకుపోయాయా. ఏ ఒక్కటి కనిపించినా అక్కడితో ఆపి, పైమెట్టు తూటాలన్నీ ఇంటికి తెచ్చి విప్పెయ్. ఏదీ కనిపించకపోయినా పుస్తకం గీసిన గరిష్ఠం దగ్గర ఆగాల్సిందే.

తర్వాత గరిష్ఠానికి కొద్దిగా కిందున్న రెండు, మూడు మోతాదులతో గుంపులు, అంటే ఒకే గురికి వరసగా కొన్ని దెబ్బలు, కొట్టు. ఇక్కడే అందరూ తమని తాము మోసం చేసుకుంటారు. మూడు దెబ్బలు ముప్పావు అంగుళంలో పడితే ఫోటో తీసి దాచుకుంటారు, అదే లోడ్ మర్నాడు అంగుళంన్నర చూపిస్తే గాలిని తిడతారు. మూడు దెబ్బలతో ఆ రెంటికీ తేడా తెలియదురా. పది దెబ్బలు కొట్టు. సన్నటి బ్యారెల్ మూడో దెబ్బకే వేడెక్కుతుంది, చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాకే తర్వాతిది. తేలిక రైఫిల్‌ని బెంచి మీద వదిలెయ్యకు, ప్రతిసారీ భుజానికి ఒకేలా గట్టిగా లాక్కో.

నేను నమ్మే పరీక్ష వేరు. ఒక అట్ట మీద నీ పేరు రాసి పక్కన పెట్టుకో. రేంజికి వెళ్ళినప్పుడల్లా చల్లటి బ్యారెల్‌తో మొట్టమొదటి దెబ్బ దాని మీద కొట్టి, మళ్ళీ సంచిలో పెట్టేసెయ్. అక్టోబరు చివరికి ఆ అట్ట మీద పోగైన చిల్లులే నీ రైఫిల్ అసలు గురి. జింకకి రెండో దెబ్బ, మూడో దెబ్బతో పని లేదు. ఆ చిల్లులన్నీ వంద గజాల దగ్గర రెండు అంగుళాల్లో ఉంటే లోడ్ ముగిసిందనుకో. జింక గుండె, ఊపిరితిత్తుల చోటు ఏడెనిమిది అంగుళాలు ఉంటుంది. ఇంకా నాలుగు దారాలంత తగ్గించాలని పౌడర్ తగలెయ్యకు, ఆ తూటాలతో బ్లైండ్‌లో కూర్చునే పద్ధతిలో, మోకాళ్ళ మీద ఆన్చి కొట్టడం నేర్చుకో.

ఇంకో మాట. నువ్వు గ్రీన్ కార్డు వచ్చాక కొన్నావు, మంచి పని చేశావు. నీ ఆఫీసు స్నేహితుల్లో హెచ్1బి మీదున్నవాళ్ళు ఉంటారు. వేట లైసెన్సు లాంటి మినహాయింపు లేకపోతే వాళ్ళకి తుపాకీయే కాదు, ఒక్క తూటా దగ్గరున్నా ఫెడరల్ నేరం. సరదాకి ఒకటి జేబులో పెట్టి పంపించకు. లైసెన్సులున్న వాళ్ళకైనా నువ్వు చేసినవి ఇవ్వకు. వాళ్ళ చాంబరు వేరు. డబ్బు తీసుకుని ఇచ్చావా, దానికి తయారీ లైసెన్సు కావాలి.

నవంబరు మొదటి శనివారం సీజను తెరుస్తారు. దానికి కనీసం రెండు వారాల ముందే సీజనుకి సరిపడా తూటాలు చేసెయ్. అన్నిటినీ ఒక్కొక్కటిగా మ్యాగజీన్లోంచి చాంబర్లోకి ఎక్కించి చూడు, రేంజిలో, మూతి దిబ్బ వైపు పెట్టి. డబ్బా మీద బుల్లెట్, పౌడర్, మోతాదు, ప్రైమర్, పొడవు, తేదీ రాయి. పౌడర్ లాట్ నంబరు కూడా రాయి. వచ్చే ఏడు కొత్త డబ్బా కొన్నాక నంబరు మారితే ఇదే మోతాదు కళ్ళు మూసుకుని వెయ్యకుండా, కాస్త తగ్గించి మళ్ళీ మెట్లెక్కు. మా ఇంటికొచ్చేటప్పుడు నువ్వు సైజు చేసిన కేసొకటీ, పేల్చి ఇంకా సైజు చెయ్యనిదొకటీ, రైఫిల్ బోల్టు విడిగా తీసుకురా. భుజం ఎంత వెనక్కి పోయిందో నా గేజి మీద చూద్దాం.

నీ మామయ్య